ట్రాలీలో ఎంతమంది?

ఆళ్లగడ్డ
3 జూన్ 2025, మంగళవారం

బ్లెస్సీ అక్కా,

ఫోన్ మీద ఫోన్ చేస్తాండావు, నేను ఎత్తలే. నోటితో చెప్పాలంటే నాకు గొంతు రాదని నీకు తెల్సు కదా. వేళ్లతో అయితే ఎంతైనా చెప్తా. అందుకే మెసేజ్ పెడతాండా. పొడుగుంటాది, కోప్పడకుండా చదువు. నీ తమ్ముడు పరీక్ష పోగొట్టుకున్నాడు.

నాకు ట్రాక్టర్ తోలేది రాదా అక్కా? మీసం రాకముందు నుంచి దుక్కి దున్నినోణ్ణి. ఇప్పుడు లైసెన్సు కూడా చేతికొచ్చింది. విత్తనాల గోడౌన్ వాండ్లు ఏమన్యారు? "నంద్యాలలో మీ అక్క పనిచేసే ట్రైనింగ్ సెంటర్ ఉంది కదా, ఆడ పరీక్ష రాసి సర్టిఫికెట్ తేప్పా, బండి తాళం ఇస్తాం" అన్యారు. సరే, నువ్వు నా పేరు ఎక్కించినావు, నేను వచ్చినా. తోలి చూపించమన్యారు, చూపించినా. అది పాస్. ఆ మళ్ల పైన రూములో కంప్యూటర్ ముందర కూచోబెట్టినారు. ఆడ చచ్చినా.

ఒకటో ప్రశ్న ఇది: "వర్షములో వాహనము నడుపునప్పుడు డ్రైవరుకు ఉండవలసినది ఏమి?" ఎ) జాగ్రత్త. బి) శ్రద్ధ. సి) ఏకాగ్రత. డి) అప్రమత్తత. అక్కా, నేను చదివిన ఏడో తరగతి తెలుగులో ఈ నాలుగూ ఒకటే. శ్రద్ధ అని నొక్కినా. తప్పంట, ఏకాగ్రత అంట. శ్రద్ధ ఉన్నోడు వానలో ఇంట్లోనే కూచోవల్లనా?

ఇంకోటి: "మీ ముందున్న వాహనము ఆగినది. ఎందుకు?" నాకేం తెల్సక్కా ఎందుకు ఆగిందో! దిగిపోయి వాణ్ణి అడగల్ల. ఒంటికి పోయిండొచ్చు.

ఇంకోటి: "పక్క బొమ్మలోని గుర్తు దేనిని సూచించును?" పక్కన బొమ్మే లేదు, తెల్లగా ఉంది. నా పక్క కుర్చీలో జిలాని అన్న అని ఒకాయన, ఆటో అమ్మేసి ట్రాక్టర్ పనికి వస్తాండాడు, గట్టిగా అడిగినాడు. "ఏం సార్, బొమ్మ యాడ?" అని. ఆడ నిలబడిన సారు "ఉన్నట్టు అనుకొని రాయప్పా" అన్యాడు.

"మంచుగడ్డ కట్టిన రోడ్డుపై చక్రములకు గొలుసులు ఎప్పుడు బిగించవలెను?" అని ఇంకోటి. ఆళ్లగడ్డలో అక్కా! మంచుగడ్డ మనకు చేపలమ్మే ఆదెమ్మ గంపలో తప్ప యాడుంది?

నీ కంట పడకుండా వెనక మెట్లు దిగి బస్టాండుకు వచ్చేసినా. ఇంటికొస్తే నాయన ఒకటే మాట. "నెలాఖరు సోమారం మేస్త్రి కూలోళ్లను తోలుకొని బెంగళూరికి పోతాండాడు. సర్టిఫికెట్ వచ్చిందా, గోడౌన్. రాలేదా, కాంక్రీటు." నాకు బరువు మోసేదంటే భయం లేదు. ఆడ కూలోళ్ల షెడ్డులో అంతమంది మగోళ్ల మధ్య పడుకోవల్ల, వాండ్లు అడిగిందానికల్లా జవాబు చెప్పల్ల అంటేనే భయం.

ఇట్లు
శ్రద్ధ ఉండి కూడా ఫెయిలైన నీ తమ్ముడు
యెషయా


నంద్యాల
4 జూన్ 2025

తమ్ముడూ యెషయా,

ప్రభువు పేరున నీకు వందనాలు, వీపు మీద ఒక దెబ్బ కూడా. ఫెయిలయితే అయ్యావు, కింద నేను అన్నం డబ్బా పెట్టుకుని నీ కోసం చూస్తుంటే వెనక మెట్లు దిగిపోతావా?

ఒక సంగతి అర్థం చేసుకో. ప్రశ్నలు బాగున్నాయా లేదా అని చూడటానికి నిన్ను పిలవలేదు. అక్కడ ఏది నొక్కితే పచ్చలైటు వస్తుందో అది నొక్కి రావడమే. నాలుగింట్లో పొడుగ్గా ఉన్నదాన్ని నొక్కు, సగం గట్టెక్కుతావు. ఇక్కడికి వచ్చేవాళ్లంతా అదే చేస్తారు. రోడ్డు మీద ఏం చేయాలో నీకు తెలుసు, దాన్ని ఇంటి దగ్గర పెట్టి రా.

అయినా ఒక ప్రశ్న తయారు చేయడమంటే సులభమనుకున్నావా? పైనుంచి తొందర పెడుతుంటే, తెలియని విషయాలు ఎవరో ఒకరు కూర్చుని రాసి ఉంటారు కదా. నువ్వు ఊరికే నవ్వుతున్నావు.

వచ్చే మంగళవారం మళ్లీ నీ పేరు ఎక్కించాను. నీ కోసం వినయ్ సార్‌ని బతిమాలాను. ఆయనే ఇక్కడ మేనేజరు. నాయనకు ఎదురు చెప్పకు. అమ్మ కాలు ఎట్లా ఉంది? మబ్బు పట్టింది కదా, నొప్పి లేచి ఉంటుంది. నూనె వేడి చేసి నువ్వే రుద్దు.

అన్నం డబ్బా నేనే తినేసిన
అక్క


ఆళ్లగడ్డ
10 జూన్ 2025

అక్కా, కోప్పడొద్దు,

మళ్ల పోయింది. ఈసారి వెనక మెట్లు కూడా కాదు, నువ్వు ఎవరితోనో మాట్లాడతాంటే నీ ముందరే పోయినా, నువ్వు చూడలే.

నువ్వు చెప్పినట్టే పొడుగు జవాబులు నొక్కుకుంటా పోయినా. "బర్రెలు రోడ్డుకు అడ్డము వచ్చినచో మొదట ఎవరికి ఫోన్ చేయవలెను?" పోలీసు, ఫైరింజను, అంబులెన్సు, సూపర్‌వైజరు. సూపర్‌వైజరు పొడుగుంది, నొక్కినా. పచ్చగా వచ్చింది. బర్రెకు సూపర్‌వైజరు ఉంటాడని నాకు ఈ పొద్దే తెలిసింది.

"శవయాత్ర ఎదురైనచో ఏమి చేయవలెను?" హారన్ కొట్టి దాటవలెను, లైట్లు వేసి దాటవలెను, ఎడమ పక్కగా దాటవలెను, వేగముగా దాటవలెను. మన పక్క ఏం చేస్తారక్కా? ఇంజన్ ఆర్పి, కిందికి దిగి, తల మీద టవల్ తీసి నిలబడతారు. ఎవరు పోయినా సరే, ఏ కులమైనా, ఏ మతమైనా. అది ఆ నాలుగింట్లో లేదు. కళ్లు మూసుకొని "లైట్లు" నొక్కినా. పచ్చ. సిగ్గేసింది.

ఆ మళ్ల ఇది వచ్చింది. "వ్యవసాయ కూలీలను ట్రాలీలో తరలించునప్పుడు గరిష్ఠముగా ఎంతమందిని ఎక్కించవచ్చును?" ఎ) పది. బి) పదిహేను. సి) ఇరవై. డి) ముప్పై.

ఒక్కర్ని కూడా ఎక్కించకూడదు కదక్కా. లైసెన్సు తీసుకునేటప్పుడే చెప్పినారు. ఇంగ వాండ్లు చెప్పేదేంది, అమ్మ పడింది ట్రాలీలోంచే కదా. మిరపకాయ కోతకు పోయి వస్తా, మలుపులో. ఆ పొద్దు నుంచి కాలు ఈడుస్తానే ఉంది. ఇప్పుడు నేను ఏం నొక్కల్ల? పది అని నొక్కితే, అమ్మ పదకొండోది అయ్యింటాదా?

ఏదో ఒకటి నొక్కితే గాని ఆ కంప్యూటర్ తరువాతి ప్రశ్న చూపదు. నేను నొక్కలే. సారును పిలుద్దామని చెయ్యి సగం ఎత్తి, అందరూ చూస్తాండారని తల గోక్కున్నట్టు చేసి దించేసినా. టైమ్ అయిపోయేదాకా ఆ నాలుగు అంకెల్నే చూస్తా కూచున్నా. పక్కన జిలాని అన్న "ఏమప్పా, నిద్రపోయినావా?" అన్యాడు. ఆయప్ప కూడా పోగొట్టుకున్నాడు.

అక్కా, ఈ ప్రశ్నలు రాసినోడు ఎవడో గాని, వానికి రోడ్డు అంటే ఏందో తెల్సా? ఫ్యాన్ కింద కూచొని గోళ్లు కొరుక్కుంటా రాసింటాడు. వాణ్ణి ఒక పొద్దు ట్రాలీలో నిలబెట్టి ఉయ్యాలవాడ రోడ్డు గుంతల్లో తోలల్ల. అప్పుడు లెక్క చెప్తాడు ఎంతమందో. నాకు ఫెయిలైనందుకు బాధ లేదు. అసహ్యం పుడతాంది. చీ.

అమ్మ కాలుకు నూనె రుద్దినా
యెషయా


నంద్యాల
11 జూన్ 2025

యెషయా,

నీ మెసేజ్ చదివాను. గోళ్లు కొరుక్కుంటూ రాశాడని నీకెవరు చెప్పారు? ఎవరి గోళ్లు ఎట్లా ఉంటే నీకెందుకు? రాసినవాళ్లకీ ఇంటి అద్దె ఉంటుంది, నెత్తి మీద ఒక మేనేజరు ఉంటాడు. నువ్వు పెద్ద జడ్జివా అందరికీ తీర్పు చెప్పడానికి?

ఒక్క అంకె నొక్కి ఉంటే ఈరోజు నీ చేతిలో తాళం ఉండేది. 24వ తేదీ ఆఖరి అవకాశం. ఆ తర్వాత నాయన, మేస్త్రి, నువ్వు చూసుకోండి.

పని ఉంది.
బ్లెస్సీ


ఆళ్లగడ్డ
15 జూన్ 2025, ఆదివారం

అక్కకు,

ఒట్టి "బ్లెస్సీ" అని పెట్టినావు, "అక్క" అని పెట్టలే. నాకు అర్థమైంది. మీ ఆఫీసులో "మీ తమ్ముడా రెండు తూర్లు ఫెయిలైంది?" అని నగింటారు. నీ పరువు తీసినా. ఏమనుకోవద్దు.

ఇంగ ఈ పొద్దు గుడిలో జరిగింది చెప్తా. చెప్పాలంటే ఇప్పుడు కూడా చెవులు కాల్తాండాయి.

ఆరాధన అయినాక ప్రార్థన అంశాలు చెప్పమంటారు కదా. ఒకరికి జొరం, ఒకరికి కోర్టు. అమ్మ లేసింది. కర్ర పట్టుకొని నిలబడి, "నా కొడుకు ట్రాక్టర్ పరీక్షలో తప్పినాడయ్యా. మళ్ల రాస్తాండాడు. తప్పితే బెంగళూరికి తోలుకొని పోతారు. సంఘం ప్రార్థన చెయ్యల్ల" అనింది. నేను మగోళ్ల పక్క గోడకు ఆనుకొని, చాపలో దూరిపోయేదానికి సందు ఉందేమో చూస్తాండా.

సంఘ పెద్ద సంజీవయ్య పెదనాయన ఊరుకుంటాడా? "ఏమి ప్రశ్నలడిగినారు రా? దేని గురించి ప్రార్థన చేస్తాండామో దేవునికి తెలియొద్దా? లెయ్!" అన్యాడు. లేసినా. నోట్లోంచి గాలి తప్ప ఏం రాలే. చేతిలో ఫోన్ ఉంది. నీకు పెట్టిన మెసేజ్‌లు రెండూ తీసి ఆయన చేతికి ఇచ్చినా. ప్రశ్నలు మాత్రం చదువుతాడనుకున్యా. పెదనాయన మొదట్నుంచి చివరిదాకా మైకులో చదివినాడక్కా. ఒంటికి పోయిండొచ్చు అన్నది కూడా.

గుడి గుడి కాకుండా పోయింది. "బర్రెలకు ఎవరికి ఫోన్ చెయ్యల్ల?" అని చదువుతానే ఆదెమ్మ ఆడోళ్ల పక్క నుంచి "బర్రె గలోనికి చెయ్యల్ల, ఇంగ ఎవరికి చేస్తారు!" అని అరిచింది. బడి అయ్యవారు జీవన్ కుమార్ సారు "జాగ్రత్తే సరైన జవాబు" అంటాడు, లారీ తోలే ఆయన "అప్రమత్తతే" అంటాడు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు లేసినారు. ప్రశ్నకొక గుంపు అయినారు. ఒక్కదానికీ అందరూ ఒక జవాబు చెప్పలే. పాస్టరుగారు "ప్రియులారా, ప్రియులారా" అంటానే ఉండాడు.

ట్రాలీ ప్రశ్న చదివినాక మాత్రం ఆడోళ్లంతా అమ్మ కాలు కల్లే చూసినారు. అమ్మ చీర కుచ్చిళ్లు కిందికి లాక్కునింది.

పెదనాయన కండ్లజోడు తీసి, "ఇది ఉత్త ప్రార్థనతో పోయేది కాదప్పా. కాగితం తేండి" అన్యాడు. సంఘం పేరున్న కాగితం మీద జీవన్ కుమార్ సారుతో అర్జీ రాయించినాడు. అందరూ సంతకాలు పెట్టినారు, రానోళ్లు వేలిముద్ర వేసినారు. ఆఖరి లైను పెదనాయనే చెప్పి రాయించినాడు. "ఈ ప్రశ్నలు రాసిన మనిషిని వెంటనే ఆ పని నుంచి తొలగించవలసిందిగా కోరుచున్నాము." దాని కిందనే నాతో సంతకం పెట్టించినాడు. నాకు సిగ్గు చచ్చిపోయింది గాని, లోపల కొంచెం బాగనిపించింది కూడా. ఎల్లుండి ఆయనే నంద్యాలకు తెస్తాడంట.

నువ్వు "అక్క" అని పెట్టేదాకా ఎదురు చూసే
యెషయా


నంద్యాల
17 జూన్ 2025

ఒరేయ్ యెషయా,

వచ్చాడు మీ పెదనాయన. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో అమ్మ ఇచ్చిన జొన్నరొట్టెల మూట. నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. "అమ్మా బ్లెస్సీ, ఈ కాగితం నీ చేత్తోనే మీ మేనేజరుకు ఇయ్యి. మన బిడ్డ చేత్తో ఇస్తే పని అయితాది" అన్నాడు. తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. రొట్టెలు చల్లారకముందే తినమని చెప్పి మధ్యాహ్నం బస్సుకు పోయాడు.

నిలబడి చదివాను. చివరి లైను, దాని కింద నీ వంకర సంతకం.

ఆ ప్రశ్నలు రాసింది నేనేరా.

పేర్లు ఎక్కించే పని అని మీకు చెప్పాను. అది పొద్దున పని. మిగతా రోజంతా అదే, ప్రశ్నలు. గోళ్లు కొరుక్కున్నది నేను. గుంతల్లో తోలాల్సింది నన్ను.

చింపేయొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ అందరి వేలిముద్రలున్నాయి దాని మీద, అమ్మది కూడా. చింపడానికి చెయ్యి రాలేదు. తీసుకెళ్లి ఇచ్చాను. వినయ్ సార్ చదివి నవ్వాడు. "మీ ఊరోళ్లే నీ మీద రాసినారే!" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇది విత్తనాల కంపెనీకి తెలిస్తే మన సెంటరుకు బ్యాచ్‌లు రావు. 24 లోపల ప్రశ్నలు మార్చు. మారుస్తావా, నువ్వే పోతావా?" అన్నాడు.

ఇంత చదివి, ఇంతమందిలో ఒక కుర్చీ సంపాదించుకుంటే, దాన్ని లాగేయమని నా తమ్ముడే సంతకం పెట్టాడు. రొట్టెలు తినలేదు. జవాబు పెట్టొద్దు.


ఆళ్లగడ్డ
18 జూన్ 2025

అక్కా,

పెట్టొద్దన్యావు, అయినా పెడతాండా.

నాకు తెల్దు. నిజంగా తెల్దు. తెలిసుంటే ఆ పెన్ను తీసి గుడి బయటికి ఇసిరేసిందును. వినయ్ సారు కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. అమ్మకు ఇంకా చెప్పలే. రొట్టెలు తినిందా అని అడుగుతాంది. తినింది అని చెప్పినా.

మంచుగడ్డ, బర్రెలు, బొమ్మ లేకపోయేది, అవన్నీ నువ్వు రాసినా నాకేం లేదు. మింగేస్తా. తొందరలో ఎవరైనా రాస్తారు.

ఒక్కటి చెప్పు. ట్రాలీది కూడా నువ్వే రాసినావా? అమ్మను ఆ పొద్దు ఆస్పత్రికి మోసింది నువ్వూ నేనూ కదా. పది, పదిహేను, ఇరవై, ముప్పై అని నీ చేత్తోనే కొట్టినావా?

యెషయా


నంద్యాల
19 జూన్ 2025

యెషూ,

చెప్తాను.

వినయ్ సార్ ఒక లావు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. ఏదో చలిదేశానిది. "దీంట్లోంచి తెలుగులో ప్రశ్నలు చెయ్యి, రేపటికి కావాలి" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్లు, నాకు ట్రాక్టర్ గేరు ఎటు పడుతుందో కూడా తెలీదు. ఫోన్‌లో పెడితే అది తెలుగు చేసింది. ఒక్క జవాబు పుస్తకంలో ఉంటుంది, తప్పు జవాబులు మూడు నేను పుట్టించాలి. సాయంత్రానికి తప్పులు పుట్టించే ఓపిక కూడా అయిపోయింది. అందుకే నాలుగూ ఒకటే అయ్యాయి.

ట్రాలీది పుస్తకంలో లేదు. దాన్ని నేనే పెట్టాను, అమ్మ కోసమే. మొదటి జవాబు "ఎవరినీ ఎక్కించకూడదు" అని రాశాను. సార్ చూసి, "గోడౌన్ వాళ్లు కూలీలను దేంట్లో తోల్తారో తెల్సా నీకు? ట్రాలీలో. మన సర్టిఫికెట్టే వాళ్లది తప్పంటే మళ్ల మనకు బ్యాచ్ పంపుతారా? అంకెలు పెట్టు" అన్నాడు. పెట్టాను. అప్పుడు అమ్మ గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. వచ్చినా పెట్టాను. నీకు అసహ్యం పుట్టిందన్నావే, ఆ ముక్క చదివాక రెండు రోజులు నీ పేరు చూస్తేనే నాకు కోపం వచ్చింది. నిజమైనందుకు.

ఇప్పుడు సంఘం అర్జీ చూసి ఆయన భయపడ్డాడు. "ఏమన్నా రాసుకో పో, మళ్లీ ఇట్లాంటి కాగితం రాకూడదు" అంటున్నాడు. శనివారం రా. రోడ్డు మీద నిజంగా ఏం జరుగుతుందో నువ్వు చెప్పు, నేను కొడతాను. నువ్వే తయారు చేసిన పరీక్షను నువ్వే రాయొచ్చా అని సార్‌ని అడిగాను. "ట్రాక్టర్ తోలేవాడికి అవి ముందే తెలిసుండాలి కదమ్మా, తెలిస్తే తప్పేంది?" అన్నాడు. ఆయన నోట వచ్చిన మంచిమాట అదొక్కటే.

చద్దిరొట్టెలు ఈరోజు తిన్న
అక్క


ఆళ్లగడ్డ
24 జూన్ 2025

అక్కా,

పరీక్ష అయినాక నువ్వు లోపల వినయ్ సారు కాడ ఉండావు. బస్సు పోతాదని వచ్చేసినా. ఏమయ్యిందో నీకు తెలిసింటాది, అయినా నా నోటితో, నా వేళ్లతో చెప్తా.

శనివారం, ఆదివారం నీతో కూచొని చేసిన ప్రశ్నలే వచ్చినాయి. ఒక్కొక్కటి తెర మీదికి వస్తాంటే నాకు లోపల నగు. "బర్రెలు అడ్డం వస్తే ఏం చేయాలి?" "ఆగి, అవి దాటేదాకా ఉండాలి." దాని కోసం మనం ఎంత కొట్లాడుకున్యాము! నువ్వు హారన్ అంటివి, నేను బెదురుతాయి అంటిని. ట్రాలీది వచ్చింది. "ఎవరినీ ఎక్కించకూడదు." ఒకటో జవాబు. నొక్కినా. టకటకా అన్నీ నొక్కి, అందరికంటే బేగా లేసి నిలబడినా. నేను! ముందర లేసి నిలబడినా!

తెర ఎర్రగా వచ్చింది. ఫెయిల్.

నా ఒక్కనిది కాదు, రూమంతా ఎరుపే. జిలాని అన్న ప్రశ్నలు వెనక్కి తిప్పి చూసినాడు. ట్రాలీకి సరైన జవాబు "సి, ఇరవై" అంట. బర్రెలకు "డి" అంట. డి అంటే మనం తప్పు జవాబని పెట్టింది, "బర్రెల మధ్యలోంచి పోవాలి" అని. కొత్త ప్రశ్నలు పెట్టినారు గాని, జవాబుల కాగితం పాతదే వదిలేసినారక్కా. జిలాని అన్న ఆ సారును పట్టుకొని "నిన్నటిదాకా ప్రశ్నలకు తిక్క ఉండె, ఈ పొద్దు జవాబులకు పట్టిందా సార్?" అన్యాడు. ఆ సారు "కంప్యూటర్ చెప్పిందే ఫైనల్ అప్పా" అన్యాడు.

నేను రాసిన ప్రశ్నకు నేనే తప్పు చెప్పినానంట. ఊళ్లో ఎవరికి చెప్పినా నగుతారు. నాకు నగు రావడంల్యా. ఆ కుర్చీలు, ఆ తెర, ఆ ఫ్యాను, అన్నీ చూస్తే మళ్ల అసహ్యం పుడతాంది.

నాయన మేస్త్రికి ఫోన్ చేసినాడు.
యెషయా


నంద్యాల
24 జూన్ 2025, సాయంత్రం

యెషూ,

ఏడవకు. చెప్పేది విను, వెంటనే జవాబు పెట్టు.

పాత జవాబులు ఉన్నాయని సార్‌కు చూపించాను. జవాబుల పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంటుంది, పాత జవాబులు మార్చడం మరిచిపోయాడు. మరిచిపోయానని ఒప్పుకుంటాడా? "బ్యాచ్ అంతా మళ్ల పాస్ అని మారిస్తే, మనం తప్పు చేసినట్టు కంపెనీకి తెలిసిపోతాది. మీ తమ్మునిది ఒక్కటే మార్చుకో. మిగిలినోళ్లు ఇంకో నెలలో రాసుకుంటారు" అన్నాడు. పాస్‌వర్డు చెప్పి టీకి వెళ్లాడు.

ఒక్క నొక్కు. నువ్వు సరే అంటే రేపే సర్టిఫికెట్. సోమవారం మేస్త్రి బస్సు కాదు, గోడౌన్ తాళం. సరే అని పెట్టు.

అక్క


ఆళ్లగడ్డ
24 జూన్ 2025

అక్కా,

సరే అని కొట్టినా. పంపలే. తుడిపేసినా. మళ్ల కొట్టినా, మళ్ల తుడిపేసినా.

జిలాని అన్న ఆటో అమ్మేసినాడు ఈ పని కోసం. ఆయప్పకు బర్రెల జవాబు, ట్రాలీ జవాబు, అన్నీ కరెక్టే. నేను చూసినా. నాకు నువ్వు ఉండావు. ఆయప్పకు ఎవరుండారు? రేపు గోడౌన్ కాడ కనపడి "నీకెట్ల వచ్చిందప్పా?" అంటే నేను ఏం చెప్పల్ల? మామూలుగానే నాకు మాట రాదు.

నాది ఒక్కటే మార్చొద్దు. ఇన్ని రోజులు ఎవడో రాసినాడని చీ అన్యా. ఇప్పుడు నన్ను నేను చీ అనుకోవల్లనా? బెంగళూరికి పోతా. నాయనకు చెప్పినా. అమ్మ బట్టలు ఉతికి ఆరేసింది.

నీ మీద కోపం లేదు.
యెషయా


నంద్యాల
26 జూన్ 2025

ఆ బట్టలు మడిచి పెట్టెలో పెట్టేయ్.

మొన్న సాయంత్రమే అందరివీ మార్చాను. నీ ఒక్కడిది ఎట్లా మారుస్తారో నాకు తెలీలేదు అనుకో. కొత్త జవాబులు ఎక్కించాను, కంప్యూటరే లెక్క వేసుకుంది. అందరూ పాస్ కాలేదు, ఇద్దరు నిజంగానే ఫెయిలు. వాళ్లకు బ్రేకు ఎప్పుడు వేయాలో కూడా తెలియదు, వాళ్లు ఫెయిలే కావాలి. నువ్వు పాస్. జిలాని అన్న పాస్.

సార్ టీ తాగి వచ్చి చూశాడు. ముఖం ఎర్రబడింది, ఆ ఫెయిల్ తెర మాదిరే. కానీ అరిస్తే ఎందుకు అరుస్తున్నాడో కూడా చెప్పాలి కదా. "అయితే కానీ" అని లోపలికి పోయాడు. ఈరోజు వచ్చేసరికి నా బల్ల మీద కంప్యూటర్ లేదు. ఫోన్లు ఎత్తే కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. జీతం అదే. ఇకనుంచి ప్రశ్నలు ఎవరు రాస్తారో దేవుడికే తెలియాలి. మళ్లీ చలిదేశం పుస్తకం తీస్తారేమో.

నీ సర్టిఫికెట్ బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. స్టాండులో తీసుకో. నువ్వే వెళ్లి అడగాలి, నోటితో.

ఫోన్లు ఎత్తే
మీ అక్క


ఆళ్లగడ్డ
30 జూన్ 2025, సోమవారం

అక్కా,

మేస్త్రి బండి పొద్దున పోయింది. నేను పోలే. గోడౌన్ కాడికి పోయి తాళం తీసుకున్యా. మొదటి పొద్దు ఎట్లయ్యిందో చెప్తా.

పొద్దుటేల మూటలు తోలినా. మొక్కజొన్న విత్తనం. బాగుంది. సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి, "వీళ్లను ఎక్కించుకొని ఉయ్యాలవాడ కాడ దింపి రాపో" అన్యాడు. తిరిగి చూస్తే ట్రాలీ నిండా ఆడోళ్లు. అప్పటికే ఎక్కి కూచున్యారు, కాళ్లు బయటికి ఏలాడేసుకొని, నగుకుంటా, రొట్టె తుంచుకుంటా.

సీట్లో కూచున్యా. తాళం తిప్పలే. ఆడ పరీక్షలో నేను నొక్కకపోతే కంప్యూటర్ కదల్లేదు. ఈడ నేను తిప్పకపోతే ట్రాక్టర్ కదలదు. కూచున్యా.

"ఏమిరా, బండి స్టార్ట్ కాలేదా?" అని సూపర్‌వైజరు. నేను సర్టిఫికెట్ తీసి చూపించినా. దాని మీద ఏముంది, నా పేరు, మీ సెంటర్ ముద్ర. ఆయన "అది నాకెందుకు, తోలు" అన్యాడు. అప్పుడు చెప్పినా అక్కా. గొంతు కీచుమని వచ్చింది, పిల్లి మాదిరి. "మనుషులైతే ట్రాలీలో తోలను. మూటలైతే తోల్తా."

ఆయన కంటే ముందు ఆడోళ్లే లేసినారు నా మీద. ఏసమ్మ అని ఒక ముసలామె, నోరు గట్టిది. "ఓరి నీ పాసుగూల! ఇంతదూరం మేము నడవల్లనా నీ పరీక్ష కోసరం? కాళ్లు నొప్పి పుట్టి చస్తాంటే చట్టం చెప్తాండావా? దిగు, నేనే తోల్తా!" అనింది. అందరూ నగినారు. నేను తల వంచుకొని కూచున్యా. వాండ్లు తిట్టింది న్యాయమే. పొద్దున్నుంచి వంగి పని చేసినోళ్లు. ఇంకో బండి ఇవ్వాల్సింది వాండ్లు కాదు, నేను కాదు.

శానాసేపైంది. సూపర్‌వైజరు అరిచి అరిచి, ఎవరికో ఫోన్ చేసి, ఆఫీసు వ్యాను తెప్పించినాడు. రెండు తడవలు తిప్పినారు. వ్యాను ఎక్కేముందు అందరూ నన్ను తిట్టే ఎక్కినారు. సూపర్‌వైజరు నా చేతిలో తాళం లాక్కొని, "రేపు పొద్దున రా. నిన్ను ఉంచేదా, తీసేదా పెద్దోళ్లు చెప్తారు" అన్యాడు.

మేస్త్రి పోయినాడు, తాళం పోయింది. ఇంటికొచ్చి నాయనకు ఇంకా చెప్పలే. అమ్మకు చెప్పినా. పొయ్యి కాడికి పోయి రొట్టె కాల్చుకుంటాంది.

వ్యాను ఆఖరి తడవలో ఏసమ్మ ఎక్కింది. తలకాయ కిటికీలోంచి బయటికి పెట్టి అడిగింది.

"ఏమిరా, రేపు కూడా నువ్వేనా తోలేది?"

"తెల్దు అవ్వా" అన్యా.

"నువ్వైతే ముందే చెప్పు. బేగా లేసి సంగటి కెలుక్కొని నడిచే వస్తాం. నీ సర్టిఫికెట్ సల్లగుండ!"

వ్యాను పోయింది. ఆమె తిట్టిందో, దీవించిందో నాకు తేలలే. పొద్దున ఆరుకు గేటు తీస్తారు. పోతా.

యెషయా